చందమామ ఎందుకు కింద పడడు?

పిల్లలూ,

మేము మీకు తెలుగు చెప్పేవాళ్ళం. ఒత్తులు, సంధులు, సామెతలు మా పని. బలాలు, వేగాలు పక్క గదిలో ఉండే భౌతికశాస్త్రం సారు పని. అయినా ఈ ఏటి పత్రికకు గ్రహాల గురించి రాయవలసి వచ్చింది. దానికి కారణం ఏడో తరగతి తెలుగు పీరియడ్‌లో వచ్చిన ఒక ప్రశ్న.

ఆ రోజు చందమామను కిందికి రమ్మని పిలిచే పాటల గురించి మాట్లాడుకుంటున్నాం. మన ఇళ్ళలో పసిపిల్లలకు అన్నం తినిపిస్తూ పాడుకునే పాటలవి. తరగతిలో ఉన్నది తొమ్మిది మందే. వారం కిందటే అస్సాం నుంచి వచ్చి చేరిన ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఇంతమంది పిలిచినా చందమామ రాడేం? భూమి అన్నిటినీ లాగుతుందని సైన్సులో చెప్పారు. మామిడికాయ పడుతుంది, బంతి పడుతుంది. చందమామ ఎందుకు పడడు?" అని అడిగింది.

వెనక బెంచీ అబ్బాయి వెంటనే అందుకున్నాడు. "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కదా!"

మిగతా పిల్లలందరూ తలలూపారు. నిజం చెప్పాలంటే చిన్నప్పుడు మేమూ అలాగే అనుకునేవాళ్ళం. అది తప్పని తెలుసు కానీ, ఎందుకు తప్పో ఆ పూట చెప్పలేకపోయాం. ఆ తర్వాత వారం రోజులు స్టాఫ్ రూములో భౌతికశాస్త్రం సారును కూర్చోబెట్టి అడిగి, కాగితాలు ఖరాబు చేసి తెలుసుకున్న జవాబు ఇది: చందమామ పడుతూనే ఉన్నాడు. ఒక్క క్షణం కూడా పడడం మానలేదు. మన దాకా చేరడం లేదు, అంతే.

పడుతూనే ఉన్నవాడు చేరకపోవడం ఏమిటి? అది అర్థం కావాలంటే ముందు బాణం గుర్తుల సంగతి తెలియాలి.

దిక్కు ఉన్న లెక్కలు

నాన్నగారో అమ్మగారో ఆఫీసు నుంచి వచ్చి, "బదిలీ అయింది, ఇక్కడికి 1,500 కిలోమీటర్లు" అన్నారనుకోండి. ఇంట్లో అందరూ అడిగే మొదటి మాట "ఎటు?" అనే కదా. ఉత్తరానికైతే స్వెట్టర్లు కొనాలి. దక్షిణానికైతే ఉన్న స్వెట్టర్లు ఎవరికైనా ఇచ్చెయ్యాలి. 1,500 అన్న అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. దానికి దిక్కు తోడైతేనే సంగతి పూర్తవుతుంది.

ఇలా అంకెతోపాటు దిక్కు కూడా చెప్పవలసిన వాటిని సదిశ రాశులు అంటారు. 'స' అంటే కూడిన, 'దిశ' అంటే దిక్కు. దిక్కు అక్కరలేనివి అదిశ రాశులు. పీరియడ్ 40 నిమిషాలు అంటే చాలు, తూర్పుకు 40 నిమిషాలు అనం. కాలం, ఉష్ణోగ్రత, ద్రవ్యరాశి అదిశలు. బలం, వేగం సదిశలు. మామూలు మాటల్లో వడి, వేగం ఒకటే అనుకుంటాం. సైన్సు పుస్తకంలో వడికి దిక్కు ఉండదు, వేగానికి ఉంటుంది. అందుకే మలుపు తిరుగుతున్న బస్సు వడి మారకపోయినా వేగం మారినట్టే. ఈ మాట గుర్తుంచుకోండి, చందమామ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

సదిశను కాగితం మీద బాణంగా గీస్తారు. బాణం పొడవు ఎంతో చెబుతుంది, మొన ఎటో చెబుతుంది. రెండు బాణాలను కలపడం మామూలు కూడిక కాదు. గోదావరి మీద ఒడ్డుకు లంబంగా గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పడవ నడుపుతున్నామనుకుందాం. నీరు గంటకు 3 కిలోమీటర్ల వేగంతో దిగువకు పోతోంది. పడవ అసలు వేగం 7 కాదు, 5. మొదటి బాణం మొన దగ్గర రెండో బాణం తోకను ఉంచి గీసి, మొదటి తోక నుంచి చివరి మొన దాకా కొలిచి చూడండి. ఎదురుగా ఉన్న రేవుకని బయలుదేరిన పడవ దిగువన ఎక్కడో తేలుతుంది. గోదావరి పిల్లలకు, బ్రహ్మపుత్ర పిల్లలకు ఇది పుస్తకం తెరవకుండానే తెలుసు.

ఇందులో ఒక విశేషం ఉంది. ప్రవాహం పడవను పక్కకు తోసింది కానీ, ఏరు దాటే సమయాన్ని మార్చలేదు. అడ్డంగా వెళ్ళే పని అడ్డంగా, కిందికి వెళ్ళే పని కిందికి, దేనిది దానిదే. ఒకదానికొకటి లంబంగా ఉన్న బాణాలు ఒకదాని పనిలో ఒకటి చెయ్యి పెట్టవు.

రెండు రూపాయి బిళ్ళలు

ఈ సంగతి మా తరగతి బల్ల మీదే చేసి చూశాం. మీరూ చెయ్యండి. స్కేలును సగం బయటికి వచ్చేలా బల్ల అంచున పెట్టాలి. బయటి కొస మీద ఒక రూపాయి బిళ్ళ. బల్ల మీద, స్కేలు పక్కనే, అంచుకు దగ్గరగా ఇంకొక బిళ్ళ. ఇప్పుడు స్కేలును చటుక్కున పక్కకు కొట్టాలి. కొస మీద ఉన్న బిళ్ళ కింద స్కేలు జారిపోయి, అది ఉన్నచోటే తిన్నగా కిందికి పడుతుంది. రెండోదాన్ని స్కేలు తోసేస్తే అది దూరంగా ఎగిరి పడుతుంది.

ఏది ముందు నేలను తాకుతుంది? తొమ్మిది మందిలో ఏడుగురు తిన్నగా పడేదే ముందు అన్నారు. కళ్ళు మూసుకుని చప్పుడు వినమన్నాం. ఒక్కటే చప్పుడు! నాలుగుసార్లు చేసినా ఒక్కటే చప్పుడు. దూరం వెళ్ళిన బిళ్ళ కూడా అదే సమయంలో పడింది. అడ్డంగా ఎంత జోరుగా తోసినా, కిందికి లాగే పని ఎప్పటిలాగే సాగిపోతుంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, ఏ వస్తువైనా వదిలిన మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది.

కొండ మీది ఫిరంగి

ఇప్పుడు ఇంగ్లాండుకు చెందిన ఐజాక్ న్యూటన్ చేసిన ఊహ. చాలా ఎత్తైన కొండ శిఖరం మీద ఒక ఫిరంగి ఉంది. దాన్ని నేలకు సమాంతరంగా పేల్చాం. గుండు కొంతదూరం వెళ్ళి పడింది. మందు ఎక్కువ వేసి పేల్చాం. ఇంకా దూరం వెళ్ళి పడింది. ఇలా పెంచుకుంటూ పోతే?

భూమి చదునైన పలక అయితే గుండు ఎంత దూరం వెళ్ళినా ఎక్కడో ఒకచోట పడక తప్పదు. కానీ భూమి గుండ్రంగా ఉంది. తిన్నగా ఒక గీత గీసుకుంటూ పోతే దాదాపు 8 కిలోమీటర్లకు నేల ఆ గీత కింద 4.9 మీటర్లు వంగిపోతుంది. అంకె పోల్చుకున్నారా? గుండు సెకనులో పడేది కూడా 4.9 మీటర్లే. కాబట్టి సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వెళ్ళే గుండు ఎంత కిందికి పడిందో, దాని కింద నేల కూడా అంతే వంగింది. గుండుకూ నేలకూ మధ్య దూరం మారలేదు. తర్వాతి సెకనులోనూ అంతే. అలా పడుతూ పడుతూ భూమిని చుట్టి వచ్చి, ఫిరంగి వెనక్కే వచ్చి నిలుస్తుంది. గాలి అడ్డు రానంత ఎత్తులో ఉంటే ఆ తిరుగుడు అలాగే సాగుతుంది.

ఇదే కక్ష్య. ఒక బాణం ముందుకు, ఒక బాణం భూమి వైపు. ముందుకు వెళ్ళే వేగం లేకపోతే వస్తువు తిన్నగా వచ్చి పడుతుంది. లాగే బలం లేకపోతే తిన్నగా ఎటో పోతుంది. రెండూ ఉంటేనే తిరుగుతుంది.

తేలడం అంటే పడడమే

వెనక బెంచీ అబ్బాయి మాటకు వద్దాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన పైన సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. దాని ముందు 400 ఏపాటి? ఆ ఎత్తున కూడా గురుత్వాకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 89 శాతం ఉంటుంది. అంత ఎత్తు మేడ కట్టి, పై అంతస్తులో తూకం యంత్రం పెడితే, ఇక్కడ 40 కిలోలు తూగే పిల్లవాడు అక్కడ సుమారు 35 కిలోలు తూగుతాడు.

మరి వ్యోమగాములు ఎందుకు తేలుతుంటారు? తీర్థంలో జెయింట్ వీల్ పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో తేలికగా అనిపిస్తుంది కదా. మనతోపాటు మనం కూర్చున్న సీటు కూడా కిందికి పోతోంది కాబట్టి అది మనల్ని గట్టిగా మోయదు. అంతరిక్ష కేంద్రం, అందులోని మనిషి, అతని చేతిలోని చెంచా అన్నీ కలిసి ఒకే తీరున పడుతున్నాయి. ఎవరినీ ఎవరూ మోయడం లేదు. అందుకే బరువు తెలియదు. 1984లో రాకేశ్ శర్మ, 2025లో శుభాంశు శుక్లా అంతరిక్షంలో తేలింది అలాగే. ఇద్దరూ మన వాయుసేనవాళ్ళే, అంటే మీలో చాలామంది ఇళ్ళలాగే బదిలీల ఉద్యోగమే. సెకనుకు 7 కిలోమీటర్లకు మించిన వేగంతో, సుమారు గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వచ్చారు.

చందమామ లెక్క

చందమామ మన నుంచి సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. భూమి వ్యాసార్ధానికి అది దాదాపు 60 రెట్లు. దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగోవంతు అవుతుంది, మూడు రెట్లైతే తొమ్మిదోవంతు. ఇది న్యూటన్ చెప్పిన సూత్రం. 60 రెట్లకు 60 అరవైలు, అంటే 3,600వ వంతు.

కాబట్టి మామిడికాయ మొదటి సెకనులో 4.9 మీటర్లు పడితే, చందమామ 4.9 మీటర్లలో 3,600వ వంతు పడాలి. భాగించి చూడండి. సుమారు 1.4 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ళ మందమంత! ఆ ఒక్క సెకనులోనే అతను పక్కకు ఒక కిలోమీటరు వెళ్ళిపోతాడు. చందమామ దారి ఎంత వంపు తిరిగి ఉందో కొలిస్తే కూడా సరిగ్గా ఆ కొద్దిపాటి పడడమే కనిపిస్తుంది. తోటలో పండును లాగే చెయ్యి, ఆకాశంలో చంద్రుణ్ణి లాగే చెయ్యి ఒక్కటేనని న్యూటన్ ధైర్యంగా అనగలిగింది ఈ లెక్కతోనే. ఆ సూత్రం వివరంగా ఉన్న ఆయన 'ప్రిన్సిపియా' 1687లో అచ్చయింది.

"మరి పక్కకు తోస్తున్నది ఎవరు మేడమ్?" అని మా అమ్మాయి మళ్ళీ అడిగింది. ఎవరూ తోయడం లేదు. కదులుతున్న వస్తువును ఏదీ ఆపకపోతే అది కదులుతూనే ఉంటుంది. దీన్నే జడత్వం అంటారు. అక్కడ గాలి లేదు, రోడ్డు రాపిడి లేదు, ఆపేదేమీ లేదు. భూమి లాగే లాగుడు చంద్రుడి దారికి దాదాపు లంబంగా ఉంటుంది. అందుకే అది వడిని పెద్దగా మార్చదు, దిక్కును మాత్రం క్షణక్షణం మారుస్తుంది. ఇందాకటి బస్సు మలుపు గుర్తుంది కదా. చందమామకు మలుపు తప్ప తిన్నని రోడ్డే లేదు.

తెలుగు టీచరు కాబట్టి ఒక మాట. గురుత్వం అనే మాటలో 'గురు' అంటే బరువైన అని అర్థం. పై తరగతుల్లో ఛందస్సు నేర్చుకునేటప్పుడు గురువు, లఘువు అంటాం, బరువైన అక్షరం, తేలికైన అక్షరం. బడిలో గురువు అన్నా ఆ మాటే. ఎక్కువ బరువుగా ఉండవలసిన పనేమీ లేదనుకోండి!

కాస్త సాగిన వృత్తం

గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరిగే దారి అచ్చమైన వృత్తం కాదు, కాస్త సాగిన వృత్తం. అందుకే దీర్ఘవృత్తం అన్నారు. అట్ట మీద రెండు గుండుసూదులు గుచ్చి, వదులుగా దారం ఉచ్చు వేసి, ఆ దారాన్ని పెన్సిలుతో బిగువుగా లాగుతూ చుట్టూ తిప్పితే దీర్ఘవృత్తం వస్తుంది. సూర్యుడు ఉండేది మధ్యలో కాదు, ఒక గుండుసూది ఉన్న చోట. జర్మనీకి చెందిన కెప్లర్ అంగారకుడి కదలికల లెక్కలతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, 1609లో ఈ సంగతి ప్రకటించాడు.

ఇలాంటి దారిలో లాగే బాణం ఎప్పుడూ లంబంగా ఉండదు. గ్రహం సూర్యుడికి దగ్గరవుతున్నప్పుడు ఆ బాణం కొంత ముందుకు లాగుతుంది, వడి పెరుగుతుంది. దూరమవుతున్నప్పుడు కొంత వెనక్కు లాగుతుంది, వడి తగ్గుతుంది. హేలీ తోకచుక్క దారి చాలా సాగిన దీర్ఘవృత్తం. సూర్యుడి దగ్గర సెకనుకు 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తే ఆ తోకచుక్క, నెప్ట్యూన్ దారికి అవతల ఉన్న కొసలో సెకనుకు ఒక కిలోమీటరు కూడా వెళ్ళదు. 1986లో వచ్చి వెళ్ళింది, మళ్ళీ 2061లో వస్తుంది. మేము చూస్తామో లేదో కానీ, మీరు తప్పకుండా చూడాలి.

భూమి దారి మాత్రం వృత్తానికి చాలా దగ్గర. సూర్యుడికి అతి దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, దూరంగా ఉన్నప్పుడు 15.2 కోట్ల కిలోమీటర్లు. దగ్గరగా ఉండేది ఏ నెలలో? మే నెల అంటారేమో. కాదు, జనవరి మొదటి వారంలో! మనం చలికి వణికేటప్పుడే సూర్యుడికి దగ్గరగా ఉంటాం. ఎండాకాలం, చలికాలం రావడానికి దూరం కాదు, భూమి అక్షం వాలి ఉండడం కారణం.

శ్రీహరికోటలో బాణాల లెక్క

ఇదంతా పరీక్షల కోసమేనా? తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎగిరే ప్రతి రాకెట్‌కూ ఈ బాణాల లెక్క కావాలి. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది. కాబట్టి నిలబెట్టిన రాకెట్‌కు కూడా అప్పటికే సెకనుకు సుమారు 450 మీటర్ల తూర్పు వేగం ఉంటుంది. తూర్పుకు ఎగిరితే ఆ బాణం కలిసి వస్తుంది. తూర్పున బంగాళాఖాతం ఉంది కాబట్టి, కాలిపోయిన రాకెట్ భాగాలు సముద్రంలో పడతాయి.

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను దక్షిణానికి పంపాలి. తిన్నగా పంపితే దారిలో శ్రీలంక వస్తుంది. అందుకని పి.ఎస్.ఎల్.వి. ముందు ఆగ్నేయానికి వెళ్ళి, తర్వాత దక్షిణానికి మళ్ళుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. వేగం దిక్కు మార్చడం ఊరికే రాదు! తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రం కడుతున్నది ఈ ఖర్చు తప్పించడానికే. అక్కడి నుంచి చిన్న రాకెట్లను తిన్నగా దక్షిణానికి పంపవచ్చు.

చంద్రయాన్-3ను 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి పంపారు. అది తిన్నగా చందమామ దగ్గరికి పోలేదు. ముందు భూమి చుట్టూ, దగ్గర కొస సుమారు 170 కిలోమీటర్లు, దూరపు కొస సుమారు 36,500 కిలోమీటర్లు ఉండే దీర్ఘవృత్తంలో తిరిగింది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు ఇంజను మండించి, వెళ్ళే దిక్కులోనే ఇంకాస్త తోశారు. ఊయల కిందికి వచ్చినప్పుడు తోసినట్టు. దూరపు కొస ఇంకా పైకి జరిగింది. ఇలా కొన్నిసార్లు పెంచి, ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టించారు. చంద్రుడు ఆ రోజు ఉన్న చోటికి కాదు, చేరే రోజుకు ఉండబోయే చోటికి. ఆగస్టు 5న చేరాక ఇంజనును ఎదురు దిక్కుకు మండించి వేగం తగ్గిస్తేనే, చంద్రుడి ఆకర్షణకు అది చిక్కింది. ఆగస్టు 23న దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. పిలిస్తే చందమామ రాలేదు కాబట్టి మనమే వెళ్ళామన్నమాట.

మళ్ళీ తరగతికి

ఇదంతా చెప్పి ముగించేసరికి గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయాక ఆ అమ్మాయి ఒక ఫారం పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది. అన్నీ నింపింది కానీ 'సొంత ఊరు' దగ్గర ఖాళీ. "పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి ఒకచోట, అక్కడి నుంచి అస్సాం. ఏది రాయను మేడమ్?" అంది. ఇది ఆమెకు నాలుగో బడి.

మాకూ ఇది ఆరో ఊరు. చటుక్కున జవాబు తోచలేదు. పక్కనే ఉన్న భౌతికశాస్త్రం సారు అన్నారు. "బాణాలు గీసేటప్పుడు మూలబిందువు ముందు పెట్టుకుంటాం కదమ్మా. అది ఎక్కడ పెట్టాలో లెక్క చేసేవాళ్ళ ఇష్టం. ఒకసారి పెట్టుకున్నాక మాత్రం మిగతావన్నీ అక్కడి నుంచే కొలవాలి."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, అమ్మమ్మగారి ఊరు పేరు రాసింది. సెలవులకు తప్ప ఎన్నడూ ఉండని ఊరు. సరేనన్నాం. దిక్కు అంటే తెలుగులో వైపు అనే కాదు, ఆసరా అని కూడా అర్థం కదా.

ఈ రాత్రి మబ్బులు లేకపోతే క్వార్టర్స్ మేడ ఎక్కి చందమామను చూడండి. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. ఆ పది సెకన్లలో అతను పది కిలోమీటర్లు పక్కకు వెళ్ళాడు, ఎంతో కొంత మన వైపు పడ్డాడు. ఊళ్ళో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసి, వాళ్ళనూ బయటికి వచ్చి చూడమనండి. ఎందుకు పడడని వాళ్ళు అడిగితే, రెండు రూపాయి బిళ్ళల దగ్గర మొదలుపెట్టి తెలుగులోనే చెప్పండి.